ఇంటి పుట్టినరోజు

జపానులోని హమానోత్సు రేవులో ఉన్న కొరియా కాన్సులేట్‌లో రెండో అంతస్తు చివరి గది పోలీసు కాన్సుల్‌ది. ఉత్తర్వుల్లో ఆయన హోదా లైజన్ ఆఫీసర్, అంటే రెండు దేశాల పోలీసుల మధ్య మాట నడిపేవాడు. మూడేళ్లకొకరు సియోల్ నుంచి వస్తారు, గడువు కాగానే వెళ్లిపోతారు. గో ఇన్‌సూన్ మాత్రం ఇరవై ఏళ్లుగా అదే గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గరే ఉంది. దుబాసీ తనే, గుమస్తా తనే, టీ కాచేదీ తనే. ఇప్పటికి ఏడుగురిని చూసింది. ఒకాయన సిగరెట్లు తాగి తాగి కిటికీ తెరను పచ్చబరిచాడు. ఒకాయన రోజూ మధ్యాహ్నం సరిగ్గా పావుగంట కుర్చీలో గుర్రుపెట్టేవాడు. ఒకాయన వెళ్లేనాడు పడవ ఎక్కబోతూ భోరుమన్నాడు. ఎవరెలాంటి వాళ్లయినా మొదటి నెలలో అందరూ అన్నది ఒకే మాట, "ఇక్కడ నేను చెయ్యడానికేముంది?" అని.

అది నిజమే. పరాయి దేశంలో పోలీసు కాన్సుల్ ఎవర్నీ పట్టుకోలేడు, ఎవరిల్లూ సోదా చెయ్యలేడు. వీధిలో పోయే మనిషిని ఆపి పేరడగడానికి కూడా అధికారం లేదు. సొంత ఊళ్లో ఒక్క కేకతో స్టేషనంతా లేచి నిలబడేలా చేసిన మనిషి ఇక్కడ విజిటింగ్ కార్డులు జేబులో వేసుకుని, నడుం వంచి దండాలు పెట్టుకుంటూ తిరగాలి. నడుం ఎంత వంచాలన్నది కూడా వచ్చిన ప్రతివాడికీ ఇన్‌సూనే నేర్పింది. ఆమె పాఠంలో మొదటి ముక్క ఒకటే: ముందు మాట, తర్వాత కాగితం. అధికారికంగా రాసిన కాగితం సియోల్ పోయి, అక్కణ్నుంచి టోక్యో పోయి, తిరిగి ఈ ఊరి పోలీసుల బల్ల మీదికి వచ్చేసరికి నాలుగు నెలలు. అడగడం సరిగా అడక్కపోతే 'లేదు' అని జవాబొస్తుంది. ఒకసారి 'లేదు' అన్నాక ఆ ఫైలు మళ్లీ ఎవరూ ముట్టుకోరు. అందుకని ముందు వెళ్లి అవతలి ఆఫీసరుతో టీ తాగాలి. ఏమడిగితే అవునంటారో తెలుసుకోవాలి. ఆ తర్వాతే కలం తియ్యాలి.

ఏడో ఆయన పేరు పెక్ దోహ్యన్. తేగు నగరంలో హత్య కేసులు చూసి వచ్చినవాడు. మెడ లావు, గొంతు పెద్దది, ఓపిక తక్కువ.

"ఇన్‌సూన్ గారూ, నాకిక్కడ లాఠీ లేదు, బేడీల్లేవు. ఈ కార్డులు తప్ప ఏమిచ్చారండీ నాకు?" అన్నాడు వచ్చిన వారానికే.

"అవి దక్కాయని సంతోషించండి కాన్సుల్ గారూ. మీ ముందాయనకి పేరు తప్పు అచ్చేసి పంపారు."

పెక్ పడీపడీ నవ్వాడు. ఆ రోజు నుంచీ వాళ్లిద్దరికీ కుదిరింది. పని పడ్డప్పుడు మాత్రం "ఇన్‌సూన్ గారు" పోయి "అక్కా" వచ్చేది. ఆ పిలుపు వినగానే ఆమె, "ఏం కావాలో చెప్పండి," అనేది.

ఇన్‌సూన్‌కి యాభై ఏడేళ్లు. తండ్రి కొరియాలోని జెజు దీవి నుంచి పడవలో వచ్చి ఈ రేవులో రబ్బరు బూట్ల కార్ఖానాలో కుదిరిన మనిషి. ఆమె పుట్టింది ఆ కార్ఖానా వెనక గదిలోనే. ఇంట్లో అమ్మతో కొరియా భాష, వీధిలో జపాను భాష. రెండూ ఆమెకి సమానంగా వచ్చు. రెండు దేశాల వాళ్లూ మాత్రం ఆమెను అవతలి మనిషిలాగే చూసేవాళ్లు. దానికి ఆమె ఏనాడూ కుళ్లిపోలేదు, దాన్నే ఉద్యోగం చేసుకుంది. పెళ్లి చేసుకోలేదు. తల్లి మంచాన పడితే పదేళ్లు చేసింది, ఆవిడ పోయి పన్నెండేళ్లయింది. ఇక మిగిలింది ఆఫీసు. తను రాసిన కాగితం ఒక్కటీ తప్పు ఉందని వెనక్కి రాలేదని ఆమెకు గర్వం. ఆ సంగతి కొంచెం ఎక్కువసార్లే చెప్పేది కూడా. కింది అంతస్తు వీసా గుమస్తాలు ఆమె నడిచి వస్తుంటే "తప్పుల్లేని గారు వస్తున్నారు," అని గుసగుసలాడుకునేవాళ్లు. ఆమెకది తెలుసు, లోలోపల ఇష్టం కూడాను.

కొత్త కాన్సుల్ వచ్చినప్పుడల్లా బీరువాలోంచి తీసి అప్పజెప్పే పాత ఫైళ్లు పదకొండు ఉండేవి. అన్నింటికన్నా పైనుండేది కాంగ్ సోక్‌జుది. కొరియా దక్షిణాన తొంగ్యంగ్ రేవు మనిషి. చేపల పడవల మీద పని పోతే, పరంజా కట్టే పనికని ఇటొచ్చాడు. పద్దెనిమిదేళ్ల కిందట కొత్త సంవత్సరం నాడు తల్లికి ఫోన్ చేసి, "ఈసారి రాలేనమ్మా, వచ్చే ఏడు తప్పకుండా వస్తా," అన్నాడు. అదే చివరి మాట. వీసా గడువు అప్పటికే దాటిపోయింది. దొంగచాటుగా ఉన్న మనిషి కాబట్టి అద్దె కాగితం లేదు, జీతం కాగితం లేదు, ఎక్కడా సంతకం లేదు.

తల్లి పేరు మున్ ఓక్‌దన్. చలికాలమంతా షెడ్డులో నిలబడి ఆల్చిప్పలు ఒలిచే మనిషి. ఏటా చాంద్రమానం లెక్కలో తొమ్మిదో నెల తొమ్మిదో రోజున కాన్సులేట్‌కి ఫోన్ చేసేది. ఎప్పుడు పోయారో తెలియని వాళ్లకి తద్దినం పెట్టే రోజది. పెట్టమని రెండో కొడుకు పోరు. ఆవిడ బల్ల మీద అన్నీ సర్దేది, అన్నం గిన్నె పెట్టేది, చెంచా కూడా పెట్టేది. అగరొత్తి మాత్రం వెలిగించేది కాదు. ముందు ఫోన్ చేసేది.

"అమ్మాయ్, ఏవన్నా తెలిసిందా? బతికున్నోడికి తద్దినం పెట్టకూడదు గదా. కనుక్కుని ఎలిగిద్దామని," అనేది.

"ఇంకా ఏం తెలియలేదమ్మా," అనేది ఇన్‌సూన్.

"సర్లే అయితే. వోడి అన్నం నేనే తింటాలే," అని పెట్టేసేది.

పదిహేడేళ్లుగా ఆ అగరొత్తి వెలగలేదు. బతికున్నాడని నమ్మి వేడి అన్నం పెట్టుకోవాలా, పోయాడని పొగ వెయ్యాలా, ఆవిడకి తెలియాల్సింది ఆ ఒక్కటే. ప్రతి కొత్త కాన్సులూ ఆవిడ తరఫున జపాను పోలీసులకి ఒక కొత్త విన్నపం పంపేవాడు. పోలీసుల కంప్యూటర్‌లో కొరియా పేర్లు పది రకాలుగా పడతాయి కాబట్టి వెతికేవాళ్లు పేరును నమ్మరు, పుట్టిన తేదీని నమ్ముతారు. విన్నపం మీద ఇన్‌సూన్ గుండ్రటి అక్షరాలతో 'జనవరి తొమ్మిది' అని రాసేది. రెండో కాన్సుల్ నుంచి పెక్ దాకా ఆరుసార్లు రాసింది. ఆరుసార్లూ 'మా వద్ద వివరం లేదు' అనే వచ్చింది.

పెక్ వచ్చిన రెండో ఏడు, ఏప్రిల్ నెలాఖరున, ఒక సోమవారం పొద్దున ఫోన్ మోగింది. పెక్ ఎదురు బల్ల మీద నారింజ పండు ఒలుస్తున్నాడు.

"అమ్మాయ్, నేనే."

"అమ్మా! ఇదేంటి, ఇప్పుడు చేశారు? తొమ్మిదో నెల ఇంకా ఎంతో దూరం ఉందిగా."

"అందుకే సేసాను. కడుపులో గెడ్డేదో ఉందంట. జూన్లో కోత్తారంట. ఎనభై మూడేళ్లదాన్ని కోసి ఏం తీత్తారో ఏంటో. తొమ్మిదో నెలకి నేను ఫోను సెయ్యకపోతే నువ్వు ఎదురు సూత్తావు గదా. అందుకని ముందే సెబుదామని."

"అలా అనకండమ్మా. ఈ రోజుల్లో ఆపరేషనంటే ఏమీ లేదు," అంది ఇన్‌సూన్.

"పొద్దున్నే సేద్దామనుకున్నా. నాచు సారు పొంగి పొయ్యంతా పాడైపోయింది. తుడుసుకునేసరికి ఈ ఏళయింది."

"నాచు చారా? అది పుట్టినరోజుకి కాచేది కదా, ఇవాళ ఎవరి పుట్టినరోజమ్మా?"

"ఎవరిదేంటి? పెద్దోడిది. మూడో నెల ఎనిమిది."

ఫైలు తెరవక్కర్లేదు, అందులో ఏముందో ఇన్‌సూన్‌కి కంఠతా వచ్చు. "సోక్‌జుది జనవరి తొమ్మిది కదమ్మా?" అంది.

"అది కాగితం పుట్టినరోజు. వోడికి ముందోడు నెల తిరక్కుండా పోయాడు. ఈడైనా ఉంటాడో లేదోనని ఆళ్లయ్య రాయించలేదు. రెండో సలికాలం వొచ్చాక, నడుత్తున్నాడు గదాని ఎళ్లి రాయించాడు. పుట్టింది డ్రాగన్ ఏడు, మూడో నెల ఎనిమిది. అప్పుడు కొండమీద పూలు రాలిపోతున్నాయి."

"మరి ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేంటమ్మా?"

"ఇదేం మాట? ఆఫీసోళ్లకి ఆఫీసు తేదీ సెబుతారు గానీ ఇంటిది సెబుతారా ఎవరన్నా?"

ఇన్‌సూన్ ఫోన్ పెట్టేసింది. ఆమెకూ రెండు పుట్టినరోజులు ఉన్నాయి. కాగితం పుట్టినరోజు నాడు కాన్సులేట్‌లో అందరూ కలిసి కేకు కోయిస్తారు. ఇంటి పుట్టినరోజు నాడు అమ్మ నాచు చారు కాచేది. అది వీధిలో ఎవరికీ చెప్పేవాళ్లు కాదు, చెప్పాలని తోచేది కూడా కాదు. అమ్మ పోయాక ఆ రోజు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతోందో తనే చూసుకోవడం మానేసింది. ఈ సంగతి పెక్‌కి తట్టలేదంటే అతను నగరంలో, ఆస్పత్రిలో పుట్టినవాడు. తనకెందుకు తట్టలేదు?

"కాన్సుల్ గారూ, నేను ఆరుసార్లు తప్పు రాశాను."

"మీరా? తప్పా? ఉండండి, గోడ మీద రాసి పెట్టుకుంటాను," అన్నాడు పెక్ నారింజ తొన నోట్లో వేసుకుంటూ. ఆమె మొహం చూసి నమలడం ఆపాడు. "ఏమైందక్కా?"

ఆమె చెప్పింది. పెక్ నారింజ పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"ఒక్కటి ఆలోచించండి. మనిషికి వీసా లేదు. ఎక్కడైనా పోలీసు ఆపి పుట్టిన తేదీ అడిగితే అసలుది చెప్తాడా? చెప్పడు, దొరికిపోతాడు. అబద్ధం చెప్పాలి. కానీ అప్పటికప్పుడు అబద్ధం తేదీ పుట్టించమంటే ఎవడికీ చేతకాదు. ఇరవై ఏళ్లు దొంగల్ని అడిగాను నేను. నోటికి దగ్గరగా ఏదుంటే అదే వస్తుంది."

"అంటే మూడో నెల ఎనిమిది అని చెప్పి ఉంటాడా?"

"విన్నవాడు దాన్ని మార్చి నెల ఎనిమిదో తేదీ అని రాసుకుని ఉంటాడు. ఈ దేశంలో చాంద్రమానం ఎవడికి గుర్తుంది? లేవండి, మిజోగుచి గారి దగ్గరికి పోదాం."

"ముందు ఫోన్ చేసి అడగాలి. రేపు వెళ్దాం," అంది ఇన్‌సూన్. పాఠం పాఠమే.

మిజోగుచి ఈ ఊరి పోలీసు కార్యాలయంలో విదేశీ వ్యవహారాల బల్ల చూసే ఆఫీసరు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చెక్కుచెదరకుండా ఉంటాడు. ఆయన కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడంటే 'లేదు' చెప్పబోతున్నాడని అర్థం. ఆ సంగతి కాన్సుల్స్ అందరికీ ఇన్‌సూన్ ముందే చెప్పి తీసుకెళ్తుంది. వీళ్లు ఎప్పుడు వెళ్లినా కాల్చిన నాచు పొట్లం ఒకటి పట్టుకెళ్తారు. పోలీసులు కానుకలు పుచ్చుకోకూడదు కాబట్టి వారం తిరక్కుండా ఆయన సరిగ్గా అంతే బరువున్న చిక్కుడు మిఠాయి పంపిస్తాడు. ఇరవై ఏళ్లలో ఆ రెండు దేశాల మధ్య నాచూ మిఠాయీ ఎంత నడిచిందో లెక్కలేదు.

టీ వచ్చింది. పెక్ నోరు తెరవబోతే ఇన్‌సూన్ బల్ల కింద అతని బూటు తొక్కింది. వాన గురించి, మిజోగుచి గారి అమ్మాయి పరీక్షల గురించి మాట్లాడుకున్నారు. కప్పు సగమయ్యాక ఇన్‌సూన్ సంగతి చెప్పింది.

"ఒకే మనిషికి రెండు పుట్టినరోజులా?" అన్నాడు మిజోగుచి.

"మా పెద్దవాళ్లలో చాలామందికి అంతేనండీ."

"మరి వాటిలో ఏది నిజం?"

"ఇంటిది నిజం. కాగితానిది చెల్లుతుంది."

మిజోగుచి కళ్లద్దాలు తీశాడు. జేబురుమాలు కూడా తీశాడు. పెక్ నిట్టూర్చాడు. మిజోగుచి తుడవకుండానే రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇప్పుడే కాగితం పంపకండి. నన్ను ఒకరిద్దరితో మాట్లాడనివ్వండి," అన్నాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక బుధవారం మధ్యాహ్నం మిజోగుచి తనే కాన్సులేట్‌కి వచ్చాడు. ఇరవై ఏళ్లలో ఆయన ఈ గది మెట్లెక్కడం అదే మొదటిసారి. చేతిలో మిఠాయి లేదు, పల్చటి కవరు ఉంది. అది చూడగానే ఇన్‌సూన్‌కి మనిషి దొరికాడని, ప్రాణాలతో దొరకలేదని అర్థమైపోయింది.

ఆయన కూర్చుని, తేదీలన్నీ వరుసగా చదివాడు. పదమూడేళ్ల కిందట రైలు పట్టాల వెనక కూలీల వీధిలో పడిపోయి ఉన్న మనిషిని గస్తీ పోలీసులు ఆస్పత్రిలో చేర్చారు. పేరు కాంగ్ అన్నాడు. పుట్టింది మార్చి ఎనిమిది అని రాసుకున్నారు. సంవత్సరం డ్రాగన్ ఏడుకి సరిపోయింది. కాలు బాగా దెబ్బతిని ఉంది, పాత దెబ్బ, పరంజా మీంచి పడ్డదే అయ్యుంటుంది. ఆ తర్వాత దిక్కులేని వాళ్ల ఆశ్రమంలో ఉంటూ ఆస్పత్రికి వస్తూ పోతూ ఉండేవాడు. తొమ్మిదేళ్ల కిందట ఫిబ్రవరి ఇరవై ఒకటిన లివర్ చెడి చనిపోయాడు. అతని బూడిద కొండమీది గుడిలో అరమీద ఉంది. పదేళ్లు విడిగా ఉంచుతారు. వచ్చే ఫిబ్రవరి దాటితే అందరి బూడిదతో కలిపేస్తారు.

"ఇంకా విడిగానే ఉందన్నమాట," అన్నాడు పెక్.

"ఉంది. నిన్న వెళ్లి చూసి వచ్చాను."

కవరులో ఇంకో కాగితం మిగిలింది. మిజోగుచి దాన్ని బోర్లించి బల్ల మీద ఉంచాడు. కాసేపు దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

"గో గారూ, ఇది మీకు చూపించి తీరాలని నిబంధనేమీ లేదు. కానీ చూపించకుండా వెళ్తే నాకు బాగుండదు."

ఇన్‌సూన్ తిప్పి చూసింది. ఆ మనిషి చనిపోయిన నెలకి వార్డు ఆఫీసు వాళ్లు కాన్సులేట్‌కి రాసిన ఉత్తరానికి జవాబు అది. కాంగ్ అనే పేరుతో, మార్చి ఎనిమిదిన పుట్టినట్టు చెప్పిన మనిషి మీ దేశస్థుడేనా, బంధువులు ఉన్నారా అని వాళ్లు అడిగారు. 'ఈ వివరాలు గల వ్యక్తి మా రిజిస్టర్లలో లేడు' అని జవాబు. కింద కాన్సుల్ సంతకం. దాని పక్కన, రాసిన వాళ్లు వేసే చిన్న గుండ్రటి ఎర్రముద్ర. అందులో ఒకటే అక్షరం, 'గో'.

పెక్ లాక్కుని చదివాడు. "ఆ ఏడు ఇలాంటి జవాబులు ఎన్ని రాసి ఉంటారు మీరు?"

"నలభై దాకా."

"మరింకేం! నలభైలో..."

"నలభైలో ఇదొకటి," అంది ఇన్‌సూన్.

రాసిన గుర్తే లేదు ఆమెకి. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఆ రోజు ఎండో వానో, తను ఏం తిన్నదో, ముద్ర వేస్తూ ఎవరితో ఏం మాట్లాడిందో, ఏమీ జ్ఞాపకం లేదు. బీరువాలో సోక్‌జు ఫైలు తనకి నాలుగడుగుల దూరంలో ఉండగానే అతను లేడని రాసి పంపింది. అంతకుముందు, మూడో కాన్సుల్ పంపిన విన్నపంలో ఇంటి తేదీ రాసి ఉంటే మనిషి బతికుండగానే దొరికేవాడు. ఈ లెక్క ఆమె ఆ బల్ల దగ్గర కూర్చునే వేసేసుకుంది. ఎవరూ వెయ్యమనలేదు.

ఆ సాయంత్రం తనే తొంగ్యంగ్‌కి ఫోన్ చేసింది. పోయాడని చెప్పింది. అవతల దూరంగా ఎక్కడో మోటారు పడవ చప్పుడు వినిపించింది.

"ఏ రోజు పోయాడో ఇప్పుడు సెప్పకు. ఫోన్లో వొద్దు. వోడ్ని తీసుకొచ్చి సెప్పు," అంది ఓక్‌దన్.

రెండో కొడుకు దూరసముద్రం చేపల ఓడ మీద ఉన్నాడు, ఆకురాలే కాలం దాకా రాడు. బూడిద ఇప్పించమని ఓడ నుంచే సంతకం చేసి పంపాడు. పెక్ తను డ్యూటీ మీద తీసుకెళ్తానన్నాడు. ఇన్‌సూన్ సెలవు చీటీ రాసి అతని ముందు పెట్టింది.

"నేను వెళ్తాను."

"అక్కా, ఒక్క మాట. ఆ ఎర్రముద్ర కాగితం మాత్రం తీసుకెళ్లకండి. ఆవిడకి ఈ భాష రాదు, చదివి చెప్పేవాళ్లు లేరు. పై నెల్లో పొట్ట కోయించుకోబోయే ముసలమ్మ. మీ మనసులో బరువు దింపుకోడానికి ఆవిడ నెత్తిన పెడతారా?"

అతను అన్నదాంట్లో తప్పు లేదు. ఇన్‌సూన్ ఆ కాగితాన్ని సంచిలో పెట్టింది, తీసింది, బయల్దేరే ముందు మళ్లీ పెట్టింది.

పొద్దున పడవకి కొరియా తీరాన ఉన్న బుసాన్ వెళ్లింది. తెల్లగుడ్డ చుట్టిన బూడిద కుండ దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకుంది. కస్టమ్స్ కుర్రాడు కాగితం చదివి లేచి నిలబడ్డాడు, కుండ తెరవమనలేదు. అక్కణ్నుంచి బస్సు. తొంగ్యంగ్‌లో ఇల్లు రేవు మీది గుట్టపైన ఉంది, దారికి రెండువైపులా ఆల్చిప్పలు మోకాలెత్తు పోసి ఉన్నాయి. గుమ్మంలో నిలబడ్డ మనిషి ఇన్‌సూన్ అనుకున్నదానికన్నా చాలా చిన్నది. ఫోన్లో గొంతు పెద్దగా ఉండేది.

"నువ్వా జపానమ్మాయివి? అమ్మాయంటే అమ్మాయనుకున్నా. నీకూ జుట్టు నెరిసిందే," అంది ఓక్‌దన్. తర్వాత చేతులు చాపింది.

కుండని ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చుంది. గుడ్డ విప్పలేదు. చిప్పలొలిచి ఒలిచి వంకర్లు తిరిగిన వేళ్లతో ముడిని సవరించింది. "ఎంత తేలిగ్గా ఉన్నాడో," అంది. కాసేపటికి, "ఏ రోజు?" అనడిగింది.

ఇన్‌సూన్ ముందే చాంద్రమానంలోకి లెక్కకట్టి తెచ్చుకుంది. "మొదటి నెల ఇరవై ఏడమ్మా. తొమ్మిదేళ్ల కిందట."

"కొత్తేడు పండగెళ్లాక. సలిలో." ఓక్‌దన్ గోడ మీది క్యాలెండరు వైపు చూసి తలూపింది. "ఇంక తొమ్మిదో నెల అక్కర్లేదు."

ఇప్పుడు లేచి వెళ్లిపోవచ్చు. తేదీ చేరింది, మనిషి చేరాడు. ఇన్‌సూన్ సంచిలోంచి కాగితం తీసి చాప మీద పెట్టింది.

"అమ్మా, ఇది మీకు చదివి చెప్పాలి. ఆయన పోయిన నెలకి మన దేశం మనిషేనా అని వాళ్లు మా ఆఫీసుని అడిగారు. ఇలాంటి మనిషి మా రిజిస్టర్లలో లేడని జవాబు వెళ్లింది. అది రాసింది నేను. ఈ ముద్ర నాది."

ఓక్‌దన్ కాగితం వైపు చూసింది. ముద్ర మీద వేలు పెట్టింది.

"లేడని రాశావా?"

"రాశానమ్మా."

"తొమ్మిదేళ్లు నేను నీకు ఫోను సేత్తానే ఉన్నాను. నువ్వే ఎత్తావు."

"నేనే ఎత్తాను."

"ఇంకా ఏం తెలీలేదమ్మా అన్నావు."

"అన్నాను."

ఓక్‌దన్ మొహం తిప్పుకుంది. క్షమించమని అడగాలని ఇన్‌సూన్ దారంతా మాటలు కూర్చుకుని వచ్చింది, రెండు భాషల్లోనూ. ఒక్కటీ నోటికి రాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. దాన్ని ఆపుకుంది, ఇక్కడ ఏడవడానికి తనకి హక్కు లేదనిపించింది.

"ఆ తేదీ వోడే సెప్పాడా?" అంది ఓక్‌దన్ గోడ వైపే చూస్తూ.

"ఏదమ్మా?"

"మూడో నెల ఎనిమిది. పోలీసోళ్లకి వోడే సెప్పాడా? నోటితో?"

"ఆయనే చెప్పాడమ్మా. దొరక్కూడదని అలా చెప్పి ఉంటాడని మా కాన్సుల్ గారు..."

"మీ కాన్సుల్‌కేం తెల్సు? బడిలో, పటాలంలో, పడవ మీద, ఎక్కడడిగినా కాగితందే సెప్పమని నేనే నేర్పాను వోడికి. ఇంటిది సెబితే దెబ్బలు తిన్నాడు ఓసారి. ఎప్పుడూ కాగితందే సెప్పేవోడు." ఆమె కుండని దగ్గరికి లాక్కుంది. "రోడ్డు మీద పడున్నప్పుడు ఇంటిది సెప్పాడు. ఇంటికాడ ఉన్నాననుకున్నాడు నా కొడుకు."

అప్పుడు ఏడ్చింది. గొంతెత్తి, సిగ్గు లేకుండా, పక్కింటివాళ్లు తలుపు తీసి చూసేదాకా ఏడ్చింది. ఆ తర్వాత లేచి మొహం కడుక్కుని, బల్ల సర్ది, పదిహేడేళ్లుగా అట్టపెట్టెలో ఉన్న అగరొత్తి తీసి వెలిగించింది. రెండు సాష్టాంగాలు ఇన్‌సూన్ చేత కూడా పెట్టించింది. భోజనం పెట్టింది. ఇద్దరూ కలిసి తిన్నారు.

బస్సు వేళయింది. ఇన్‌సూన్ గుమ్మంలో బూట్లు తొడుక్కుంటుంటే వెనక నుంచి పిలిచింది ఓక్‌దన్.

"నీ పుట్టినరోజెప్పుడు?"

"సెప్టెంబరు రెండమ్మా."

"ఆఫీసుది ఎవరడిగారు నిన్ను?"

ఇన్‌సూన్ ఒక బూటు చేత్తో పట్టుకునే ఆగిపోయింది. పన్నెండేళ్లుగా ఆ తేదీ పైకి అనలేదు. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఎలా అనేదో ఆ మాటల్లోనే వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఆరో నెల పందొమ్మిది," అంది.

ఓక్‌దన్ లోపలికెళ్లి క్యాలెండరు కాగితాలు తిరగేసింది. వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్లి, ఒకచోట ఆగి, పెన్సిలుతో సున్నా చుట్టింది. ఆపరేషన్ రోజు దాటి అయిదు వారాల తర్వాత వస్తుందది.

"ఆ రోజు ఫోను సేత్తాను," అంది అటు తిరిగే. "ఎత్తు."